నీటిముక్కూ నాలుగు ముడులూ

వైశాఖ శుద్ధ పాడ్యమి

ఎగువ తెప్ప నీళ్ళ కాపరి అప్పలనర్సమ్మ వదినకి, దిగువ తెప్ప నీళ్ళ కాపరి నూకరత్నం చిట్టాలో చెప్పుకునేది.

ముందు కడుపులు, తరువాత నీళ్ళు. పీపాల మీద తేలే మన రెండు తెప్ప ఊళ్ళ కట్టుబాటు అదే కాబట్టి వరసగా అడుగుతున్నాను. నీ మోకాలి వాపు తీసిందా? అన్నయ్యగారి దగ్గు తడిదా, పొడిదా? అల్లుడు ధర్మరాజు వలల దగ్గరి నుంచి వచ్చి వేడినీళ్ళు తాగుతున్నాడా, లేక ఆ కుర్రతనంతో చన్నీళ్ళే గుటకలు వేస్తున్నాడా? మా నీలవేణికి పాలు పడుతున్నాయా? తలకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకుంటోందా? బుజ్జిది ఏ రంగులో వెళ్తోంది? దాచకుండా రాయి వదినా. మీ దండెం మీద పొత్తిగుడ్డలు ఇక్కడికి కనిపిస్తాయి. నిన్న మామూలుకంటే ఎక్కువ ఆరేశారు. నాకు అన్నం దిగలేదు.

మా వైపు: మా ముసలాయన కడుపు రాయి. గుండెల్లో మంట అంటాడు గానీ అది రోగం కాదు, ఎండురొయ్యల మీద ప్రేమ. పక్కింటి గున్నమ్మకి పంటిపోటు తగ్గింది. వడ్రంగి సింహాద్రి ఇంట్లో అందరూ కులాసా. ఫిట్టరు మస్తాను బాగున్నాడు, వాళ్ళమ్మ బీబమ్మకి చూపు మసక, కడుపు మాత్రం మంచిది. నాకా? బెంగ తప్ప రోగం లేదు.

ఇక నీళ్ళు. మా ముక్కు ఆకుపచ్చగా ఉంది. సున్నా పాయింటు మూడు.

మస్తాను దాన్ని క్లోరిన్ సెన్సర్ అంటాడు. ఏమన్నా అనుకోనీ, ట్యాంకు గోడలో మునిగి కూర్చుని నీళ్ళలో మందు వాసన పట్టేదాన్ని ముక్కు అనక ఏమంటాం? మందు సరిపడా ఉంటే ఆకుపచ్చ దీపం, తగ్గితే పసుపు, లేకపోతే ఎరుపు. వాంతుల ఏడు తరువాత మన తెప్పల మధ్య మోకులు కోసుకున్నాం. అప్పటి నుంచి రెండు ముక్కులూ పాడ్యమి నుంచి అమావాస్య దాకా ఆకుపచ్చగా ఉంటేనే వంతెన దింపుతున్నాం. కిందటేడు అలా దిగినప్పుడే కదా మా పిల్లని మీకిచ్చాం. ఇప్పుడు దిగితే మనవరాలికి జ్యేష్ఠంలో, ఐదో నెలలో, అన్నప్రాశన మా ఇంట్లో. పుట్టింటి ముద్దే మొదటి ముద్ద కావాలి. ఇప్పటిదాకా నేను ఆ పిల్లని పలక తెర మీద బొమ్మగానే చూశాను వదినా. తల వాసన కూడా తెలియదు.

ఒక్క పసుపు చాలు, మొత్తం మొదటికి వస్తుంది. మళ్ళీ పై నెల పాడ్యమి నుంచి లెక్కపెట్టుకోవాలి.


వైశాఖ శుద్ధ చవితి

కడుపులు: అందరూ బాగు. మీవాళ్ళు బాగున్నారని నీ చిట్టాలో చూశాను. బుజ్జిదానికి పసుపు రంగే వెళ్తోందని రాశావు, చల్లని మాట. మరి ఆ గుడ్డలు పక్కింటివా? సరే.

నీళ్ళు: ఆకుపచ్చ. అయినా నాకు నమ్మకం లేదు. పొద్దున్న ముక్కుని బయటకి తీసి మెత్తటి గుడ్డతో తుడిచాను. కొసన ఉన్న పల్చటి పొర మీద గాలి బుడగ ఉందేమోనని ఎండకి పట్టి చూశాను. పొర లోపలి చుక్కలు తగ్గాయేమోనని విప్పి చూశాను. తగ్గలేదు. బిగించి పెట్టాను. మధ్యాహ్నం బిగించానో లేదోనని మళ్ళీ తీశాను.

మా ముసలాయన ట్యాంకు పక్కన కూర్చుని గాలం వేస్తూ, "నన్ను నలభై ఏళ్ళలో ఒక్కపాలి అలా తుడిచావా నువ్వు?" అన్నాడు.

"నువ్వు పసుపు రంగుకి తిరిగితే అప్పుడు తుడుస్తాలే" అన్నాను.


వైశాఖ శుద్ధ నవమి

కడుపులు: సింహాద్రికి ఒంట్లో వేడి, అది ఎండ వేడే. మిగతా కులాసా.

నీళ్ళు: ఆకుపచ్చే గానీ అంకె ఊగుతోంది. పాయింటు మూడు, పాయింటు రెండున్నర, మళ్ళీ మూడు. మస్తానుని పిలిచాను. పలకలో పాత అంకెలన్నీ చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏటి మామ్మా ఇది? రోజుకెన్నిసార్లు ముక్కు చీదిస్తన్నావు దీనికి?"

"శుభ్రంగా ఉంచమన్నావు కదరా."

"పదిహేను రోజులకోపాలి ఉంచమన్నాను. నీళ్ళలోంచి తీస్తే దీనికి ఊపిరాడదు. మళ్ళీ మునిగాక తేరుకోడానికి రెండు గంటలు పడద్ది. నువ్వు తేరుకోనిస్తేగా! ఇదిగో, ముక్కు బిగించే తాళం ఇటియ్యి."

ఇవ్వలేదు. ఆయనే నా కొంగు ముడి విప్పి ఇచ్చేశాడు, నా మొగుడు. అమావాస్య దాకా నేను ముక్కు ముట్టకూడదు, దూరం నుంచి దీపం చూసుకోవాలి. ఇంతమందిలో నా చేతినే అనుమానిస్తారా అని అలిగి పడుకున్నాను. తరువాత బీబమ్మ వేడివేడి పులుసు పంపితే లేచాను.

నువ్వు వారం నుంచీ రోజూ 'ముక్కు శుభ్రం చేస్తున్నాం' అని రాస్తున్నావు. మీ ఫిట్టరు ఎంత మంచివాడో, నిన్నేమీ అనడు. నీ ఓపికకి దండం వదినా.


వైశాఖ పౌర్ణమి

కడుపులు బాగు. ముక్కు ఆకుపచ్చే. అంకె పాయింటు రెండు మీద ఓ గోరంత, రెండు దిగితే పసుపే.

నేను ముట్టలేదు. తాళం మస్తాను మెడలో ఉంది. అయినా తగ్గుతోంది. ఊగడం మానేసింది, మెట్లు దిగినట్టు దిగుతోంది. అంటే తప్పు నా చెయ్యిది కాదు! ఈ మాట అందరికీ చెప్పి వచ్చాను. చెప్పి ఇంటికొచ్చాక భయం వేసింది. నా చెయ్యి కాకపోతే మరి ఏమిటి?

ఉప్పుపెట్టె చూశాను. సముద్రపు ఉప్పులోంచి మందు చేసి చుక్కచుక్కగా ట్యాంకులోకి వదిలే పెట్టె అది, బాగానే గురకపెడుతోంది. చెయ్యగలిగినంతా వదులుతోంది. అంతకు మించి వదలకుండా కళ్ళెం ఉంది, చంటిపిల్లలు తాగే నీళ్ళు కదా. పైన దానికి కరెంటిచ్చే ఎండ పలకల మీద కాకి రెట్ట ఉంటే కడిగాను. ట్యాంకు కింద పీపాల మధ్యకి వంగి చూశాను. మునిగిన కొబ్బరితోట మొవ్వులు నీళ్ళలో ఊగుతున్నాయి, వాటి మధ్య పీతలు. పీతలు మందు తింటాయా అని సింహాద్రిని అడిగాను.

"పీతలు మందు తింటే మనం పీతల్ని తింటన్నాం కదా మామ్మా, ఆ లెక్కన మన ఒంట్లో ఉండాలి" అన్నాడు. ఆ మాటకి ఇంకో బెంగ పట్టుకుంది.

ఈలోగా అందరికీ పండగ ఒళ్ళో వాలింది. గున్నమ్మ వంతెన దిగే రేవు దగ్గర ముగ్గు కోసం గవ్వలు కాల్చి సున్నం చేస్తోంది. సింహాద్రి బుజ్జిదానికి కొయ్య చెంచా చెక్కి, నోరు కోసుకుంటుందేమోనని దాని అంచు తన పెదవికి రాసుకుని చూస్తున్నాడు. మా ముసలాయన 'తాతా' అని పిలిపించడం ఎలాగో గాలానికి నేర్పుతున్నాడు. ఇంత సంతోషం నేను ఎక్కడా చూడలేదు. అందుకే ఇంత భయం.


వైశాఖ బహుళ తదియ, పొద్దున్న

పసుపు.

పళ్ళు తోముకుంటూ చూశాను. నోట్లో నీళ్ళు అలాగే ఉండిపోయాయి.

మస్తాను పరుగున వచ్చాడు. గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి గులాబీ బిళ్ళ వేశాడు. మందుంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి, ఎంతుంటే అంత ముదురు. మావి చూస్తే, జ్వరం తగ్గిన పిల్ల పెదవుల్లా పాలిపోయి ఉన్నాయి. అట్ట మీది రంగులతో పోల్చి చూసి మస్తాను తల ఊపాడు.

"ముక్కు నిజమే చెప్తంది మామ్మా. మందు చాలదు నీళ్ళల్లో. ఎవరో తినేత్తన్నారు."

"పీతలా?"

"పీతలు కాదు. మూత తియ్యి."

మూత ఇద్దరం కలిసి పైకెత్తాం. ముందు నా ముక్కుకి తెలిసింది, నిజం ముక్కుకి. ఎంత కమ్మటి వాసన వదినా! పెళ్ళింట్లో పానకం బిందెలా ఉంది మా ట్యాంకు. మూత లోపలి కొక్కేలకి నాలుగు తాళ్ళు వేలాడుతున్నాయి. మొదటిదాని కొసన వట్టివేళ్ళ చుట్ట. రెండోదానికి వేపపుల్లల మోపు. మూడోదానికి గుడ్డమూటలో గులాబీ రేకులు. నాలుగోదానికి చిన్న వలసంచిలో నల్లటి గింజలు, చిల్లగింజలు. వెనకటికి బురదనీళ్ళు తేటపడడానికి కుండలో అరగదీసేవారే, అవి.

ఎవరివని అడగక్కరలేదు. తెప్ప మీద ఇంటికో ముడి. గాలివానకి ఏ మోకు వదులైనా కట్టినవాడెవడో తెలియాలని పెద్దలు పెట్టిన పద్ధతి, ఉగ్గుపాలతో నేర్చుకున్నాం. దొంగచాటుగా కట్టినా చేతికి వేరే ముడి రాదు. వట్టివేళ్ళది గున్నమ్మ ముడి. వేపపుల్లలది సింహాద్రిది. గులాబీ రేకుల ముడిని మస్తాను రెండుసార్లు తిప్పి చూశాడు.

"మా అమ్మ" అన్నాడు.

నాలుగోది నేను నలభై ఏళ్ళుగా విప్పుతున్న ముడి.

తెప్ప చివర గాలం పట్టుకుని ఆయన ఎటో చూస్తున్నాడు. అంత శ్రద్ధగా ఆయన సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు.


అదే రోజు, మధ్యాహ్నం

అందరినీ ట్యాంకు దగ్గరికి పిలిచాం. తిడదామనే వెళ్ళాను.

గున్నమ్మ ముందే అందుకుంది. "పసిపిల్ల మొదటిసారి మన నీళ్ళు తాగుద్ది కదా వదినా, మందు వాసన కొడితే మొహం తిప్పేసుకోదా? చల్లగా, కమ్మగా ఉంటదని రెండు వేళ్ళు కట్టాను. రెండే."

"నేను కడుపులో పురుగు పుట్టకుండా" అన్నాడు సింహాద్రి.

బీబమ్మ మస్తాను వైపు కాకుండా చేటలోని రొయ్యల వైపు చూస్తూ, "నీలవేణి కడుపుతో ఉన్నప్పుడు గులాబి వాసన అడిగేదంట, చిట్టాలో రాశారు. మన తెప్ప మీద పూసినవి అవే" అంది.

"అమ్మా, నీ కొడుకు ఫిట్టరు! ఆకు, వేరు, పువ్వు ఏది పడినా మందు దాన్ని పట్టుకు కూర్చుంటది, పురుగుల దాకా రాదు. చిన్నప్పటినించీ చెప్తన్నాను కదే!"

"నువ్వు చాలా చెప్తావు. అన్నీ గుర్తుంటాయేటి?"

మా ఆయన వైపు తిరిగాను. "నీకేం వచ్చింది?"

"తేట కోసం" అన్నాడు. "పిల్ల వంగి చూసుకుంటే దాని మొహం కనబడాలని."

వదినా, నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. నవ్వు వచ్చింది. నాకు మొదలైతే గున్నమ్మకి, గున్నమ్మకి మొదలైతే తెప్పంతా. పీపాలు ఊగాయి. ఒకరికి తెలియకుండా ఒకరు నలుగురూ ఒకే మూత ఎత్తారు, ఒకే కొక్కేలకి కట్టారు, తమ తాడే చూసుకున్నారు గానీ పక్క తాడు చూసుకోలేదు!

నవ్వు ఆగాక అందరూ పసుపు దీపం వైపు చూశారు. అప్పుడు సింహాద్రి నెమ్మదిగా అన్నాడు, "ఎగువ తెప్పోళ్ళకి ఇంకా తెలీదు కదా. తాళ్ళు తీసేశాం. ఎల్లుండికి మందు నిలబడద్ది. అప్పటిదాకా ముక్కుని ఓ చెంబులో, గట్టి మందు నీళ్ళల్లో ముంచి ఉంచితే..."

ఆకుపచ్చ వెలుగుతుంది, చిట్టాలో అదే రాయొచ్చు. నిజమే. వంతెన దిగుతుంది, పిల్ల నా ఒళ్ళోకి వస్తుంది.  మస్తాను తాళం మెడలోంచి తీసి నా చేతిలో పెట్టాడంతే.

ఇంత పిరికిదాన్ని నేను. అల వస్తే భయం, అల రాకపోతే భయం. ఆ తాళాన్ని మాత్రం కొంగున గట్టిగా ముడేసుకున్నాను.

"ఆ చెంబు నీళ్ళే పిల్లకి పడదామా? పిల్ల తాగేది ట్యాంకులోవి కదా" అన్నాను.

సింహాద్రి తల వంచుకున్నాడు. "తప్పు మామ్మా. నోరు జారింది."

"నోరు కాదు, ప్రేమ జారింది. పోయి ట్యాంకు కడగండి."

కాబట్టి రాస్తున్నాను. దిగువ తెప్ప ముక్కు: పసుపు. బహుళ తదియ. కారణం: నాలుగు ముడులు. వంతెన మా వల్ల ఆగింది. నీలవేణికి నెమ్మదిగా చెప్పు వదినా, పాలు ఆగిపోతాయేమో.


వైశాఖ బహుళ చవితి

కడుపులు బాగు. కళ్ళు మాత్రం వాచాయి.

నీ జవాబు మస్తాను పైకి చదివాడు.  తెప్పంతా విన్నది కదా, మా చిట్టాలోనూ ఉండాలని దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"నూకరత్నం వదినా, నీ చిట్టా చదివి మా ట్యాంకు మూత కూడా ఎత్తాను. ఆరు తాళ్ళున్నాయి. అందులో ఒకటి మీ అల్లుడిది, దాని కొసన యాలకులు. ఒకటి నాది. మా ముక్కు పసుపుకి తిరిగి పదిహేను రోజులు దాటింది. రాయడానికి మొహం చెల్లక శుభ్రం చేస్తున్నాం అని రాస్తూ వచ్చాను. నీకంటే ముందు రాయాల్సింది నేను. వదినా, నువ్వు నన్ను తిట్టు, గట్టిగా తిట్టు, నాకు నిద్ర పడుతుంది. నీలవేణి ఏడవలేదు. అమ్మ అబద్ధం రాయదు, అందుకే పిల్లకి ధైర్యంగా నీళ్ళు పడతాను అంది."

తిడతాను! ఇన్ని రోజులు నీ ఓపికకి దండాలు పెట్టించుకున్నావు కదూ? నీ ముక్కు శుభ్రత చూసి నేను సిగ్గుపడి చచ్చాను కదూ? నువ్వు రా, నీ పని చెప్తాను. ఆరు తాళ్ళా! మా నాలుగింటికే మందు చచ్చిందే, మీ ఆరింటికి మీ ట్యాంకు పూలతోట అయిపోలేదా?

మా ముసలాయన అయితే అల్లుడి యాలకుల సంగతి విని, "నా జాతే" అని పొంగిపోయాడు.

గున్నమ్మ వేళ్ళు మడిచింది. "ఆడపిల్లకి బేసి నెల. ఐదు పోతే ఏడు. ఆరోది ఎలాగూ ఆషాఢం, మనకి పనికిరాదు. శ్రావణం అన్నిటికంటే మంచిది. అప్పటికి పిల్ల కూర్చుంటది కూడా. ఐదో నెల్లో అయితే ముద్ద పెట్టగానే పక్కకి ఒరిగిపోయేది" అంది.

అంటే మనకి జ్యేష్ఠమంతా ఉంది. పాడ్యమి నుంచి మళ్ళీ మొదలు.


జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

కడుపులు బాగు. రెండు ముక్కులూ ఆకుపచ్చ. ఈసారి నీ మాట నమ్ముతున్నాను.

రేవు దగ్గర కొత్త కడవ ఒకటి పెట్టాం. ట్యాంకులోంచి నీళ్ళు పట్టి అందులో పోస్తాం, ఎవరేం వేసుకోవాలన్నా ఆ కడవలో వేసుకోవచ్చు, ఏ పూటవి ఆ పూటే తాగెయ్యాలి. కడవ మెడకి అప్పుడే నాలుగు ముడులు పడ్డాయి. గున్నమ్మ నీళ్ళు నిజంగానే కమ్మగా ఉన్నాయి వదినా. దొంగతనం కాకపోతే మెచ్చుకునేదాన్ని.

మస్తాను తాళం నా దగ్గరే ఉంచేశాడు. పదిహేను రోజులకోపాలే తీస్తానని ప్రమాణం చేయించుకున్నాడు. మిగతా రోజుల్లో చేతులు ఊరుకోక ట్యాంకు మూతకి కొత్త తాడు కట్టాను. నా ముడితో. ఎవరు విప్పినా తెలుస్తుంది.


జ్యేష్ఠ బహుళ అష్టమి

రాత్రి గాలివాన. ఎండ పలకల మీద గోనెలు కప్పి వాటి పక్కనే నేను, గున్నమ్మ కూర్చున్నాం. ఉప్పుపెట్టె ఆగిపోతుందేమోనని నేను దేవుళ్ళందరినీ పిలిచాను. తెల్లారి చూస్తే పాయింటు రెండున్నర. ఆకుపచ్చ. ఉప్పుపెట్టె గురకపెడుతూనే ఉంది. దేవుళ్ళు ఊరికే తడిశారు.

మీ దండెం మీద గుడ్డలన్నీ తీసేశారు, మంచి పని. పిల్లకి జలుబు చేయలేదు కదా? ఆవిరి పట్టకు, పసిది. పట్టొద్దని కాదు, పడితే మెల్లగా పట్టు. వద్దులే.


జ్యేష్ఠ అమావాస్య

ముందు కడుపులు. ఈ పూట అందరివీ ఆకలి కడుపులే. పొద్దున్నించీ ఎవరూ తినలేదు, దీపం వైపే చూస్తున్నారు. సూర్యుడు మునిగాక నేను లేచి చదివాను: సున్నా పాయింటు మూడు. గులాబీ బిళ్ళ వేసి కూడా చూశాం. గాజు గొట్టం నిండా పెళ్ళికూతురి బుగ్గ రంగు. మస్తాను ఆ గొట్టాన్ని తెప్పంతా తిప్పి ప్రతి ఇంటికీ చూపించాడు. బీబమ్మకి మసక కదా, కంటికి ఆనించి చూసుకుని, "నా గులాబీకంటే బాగుంది" అని ఒప్పుకుంది.

మీదీ ఆకుపచ్చేనని నీ చిట్టా వచ్చింది. ధర్మరాజు బిళ్ళ గొట్టం బొమ్మ పంపాడు, నా కోసమే పంపాడట, అత్తగారు నమ్మదని. నమ్ముతాను. రెండుసార్లు చూసి నమ్మాను.

సాయంత్రం మీ దండెం చూశాను వదినా. పొత్తిగుడ్డల మధ్య చిన్న ఎర్ర పట్టుపరికిణీ ఆరేసి ఉంది. జానెడు కూడా ఉండదు. పండక్కి ఇంకా నెల పైన ఉండగానే ఉతికి ఆరేసింది నా కూతురు. ఏ బెంగా లేనివాళ్ళు అలా ముందుగా ఉతుక్కోరు. దానిది నా పోలికే. ఆ పరికిణీ చూసి మా ముసలాయన గాలం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

వంతెన మోకులు మీ వైపు నువ్వు చూసుకో, మా వైపు నేను చూస్తాను. అన్నయ్యగారికి దగ్గు తగ్గకపోతే మధ్యలో కూర్చోబెట్టి తీసుకురండి. సింహాద్రి చెంచా తయారు. కడవలో వట్టివేళ్ళు తయారు. ముందు నువ్వు దిగకు. పిల్లని ముందు దింపు. నీతో తగాదా ముద్ద తిన్నాక పెట్టుకుందాం.

వంతెన దిగేది ఆషాఢం పోయాక: శ్రావణ శుద్ధ దశమి, గురువారం, పొద్దు పొడవగానే.